రాజా అంపాట్ బోటులో ఉండగానే వీసా గడువు అయిపోతోంది – ఇండోనేషియా వీఓఏ (వీసా ఆన్ అరైవల్) పొడిగింపు ఎక్కడ, ఎప్పుడు?

బుడగలరాయుడు · 8 మార్చి 2026, ఉదయం 7:40

అందరికీ నమస్కారం. మాది వైజాగ్. ప్రస్తుతం బాలిలో తులంబెన్‌లో ఉన్నాను, లిబర్టీ షిప్పు శిథిలం దగ్గర డైవ్‌లు నడుస్తున్నాయి. ఇంటి దగ్గరే ఆన్‌లైన్‌లో 30 రోజుల వీఓఏ తీసుకుని ఫిబ్రవరి 21న రాత్రి 11 దాటాక డెన్‌పసార్‌లో దిగాను.

ప్లాన్ ఇదీ. 14న బాలి నుంచి సోరోంగ్ ఫ్లైటు, రాజా అంపాట్ దీవులకు పోయేది ఆ ఊరి నుంచే. 16న లైవ్‌అబోర్డ్ (రోజుల తరబడి అందులోనే ఉండి డైవ్ చేసే బోటు) ఎక్కి మిసూల్ దీవి వైపంతా తిరిగి 25న మళ్ళీ సోరోంగ్‌లో దిగుతా. ఆ తర్వాత క్రి, అర్బోరెక్ దీవుల్లో హోమ్‌స్టేలు. ఇంటికి ఫ్లైటు ఏప్రిల్ 20న. నా లెక్కన వీసా 23తో అయిపోతుంది, అంటే నేను బోటు మీద ఉండగా. నెట్ కూడా ఉండదట.

బోటు దిగాక 26న సోరోంగ్ ఇమిగ్రేషన్ ఆఫీసుకు వెళ్ళి, ఆ రెండు మూడు రోజుల ఫైన్ కట్టేసి పొడిగించుకోవచ్చా? లేదంటే బాలిలోనే ఇప్పుడే చేయించుకోవాలా? ఇక్కడి డైవ్ షాపులో ఒకాయన "పాస్‌పోర్టు ఏజెంటుకి ఇచ్చెయ్, పది రోజుల్లో తెచ్చిస్తాడు" అంటున్నాడు. బోటుకి మొత్తం డబ్బు కట్టేశాను, తేదీ మారదు. డైవింగ్ కంటే ఈ టెన్షనే ఎక్కువైపోయింది.

పగడపుదిబ్బ · 8 మార్చి, ఉదయం 8:25

తమ్ముడూ, ముందు లెక్క సరిచేసుకో. దిగిన రోజే మొదటి రోజు. రాత్రి 11:50కి స్టాంపు పడినా ఆ రోజు మొత్తం లెక్కలోకి వస్తుంది. ఫిబ్రవరిలో 8 రోజులు అయిపోయాయి కాబట్టి మార్చి 22 నీ ఆఖరు రోజు, 23 కాదు.

ఇక "ఫైన్ కట్టి పొడిగించుకోవడం" అనేది ఇండోనేషియాలో లేదు. గడువు దాటితే ఆ వీసా చచ్చినట్టే, దాన్ని పొడిగించరు. రోజుకు 10 లక్షల రుపియా చొప్పున కట్టి దేశం వదిలి వెళ్ళాలి. 26 దాకా అంటే నాలుగు రోజులు, 40 లక్షలు. మన డబ్బుల్లో ఇరవై వేల పైమాట. డబ్బు ఒక ఎత్తయితే, ఏప్రిల్ హోమ్‌స్టేలన్నీ గాలికి పోతాయి. 60 రోజులు దాటితే డిపోర్ట్ చేసి మళ్ళీ రాకుండా బ్లాక్ చేస్తారు, అది నీకు సంబంధం లేదులే.

బాలిలో, ఈ వారమే చేసుకో. వీఓఏని ఒక్కసారి, 30 రోజులు పొడిగిస్తారు. ఫీజు మళ్ళీ 5 లక్షల రుపియా. ముందే చేసుకుంటే రోజులు తగ్గవు, పాత గడువు చివర నుంచే కొత్త 30 లెక్క పెడతారు. ఏప్రిల్ 21 దాకా వస్తుంది. నీ ఫ్లైటు 20న కదా, సరిపోయింది.

క్యాలెండర్‌మామ · 8 మార్చి, ఉదయం 9:10

ఇంకో సంగతి ఎవరూ చెప్పలేదు. ఈ ఏడాది మార్చి 19న న్యెపి, అంటే బాలి వాళ్ళ మౌన దినం. ఆ రోజు బాలిలో ఎయిర్‌పోర్టుతో సహా అన్నీ 24 గంటలు మూత, వీధిలోకి కూడా రానివ్వరు. దాని వెనకే లెబరాన్, అంటే మన రంజాన్ పండగ. రెండింటికీ కలిపి ప్రభుత్వ సెలవులు 18 నుంచి 24 దాకా వరసగా ఉన్నాయి. న్యెపి బాలి పండగే అయినా సెలవు దేశమంతటికీ. సోరోంగ్‌లోనూ ఆఫీసు తెరవరు.

కాబట్టి రాయుడు గారూ, మీ బోటు మూడు రోజులు ముందొచ్చినా లాభం లేదు. 22 ఆదివారం, అదీ పండగ నడిమధ్యలో పడింది. మీకు మిగిలింది రేపటి సోమవారం నుంచి శుక్రవారం దాకానే. పైగా రంజాన్ నెల, ఆఫీసులు మామూలు కంటే త్వరగా కట్టేస్తారు. మధ్యాహ్నం వెళ్దాంలే అనుకోవద్దు.

ఫిన్స్_హైదరాబాద్ · 8 మార్చి, ఉదయం 9:32

అన్నా పరేషాన్ కాకు. ఇదంతా ఎందుకు, బోటు క్యాన్సిల్ చేయకుండా 15న సింగపూర్ పోయి అదే రోజు వెనక్కి రా. కొత్త వీఓఏ, కొత్త 30 రోజులు. తెల్లోళ్ళందరూ అదే చేస్తారు, బ్లాగుల నిండా ఉంది.

పగడపుదిబ్బ · 8 మార్చి, ఉదయం 9:50

తెల్లోళ్ళ పాస్‌పోర్టు వేరు, మనది వేరు తమ్ముడూ. సింగపూర్‌లో అడుగు పెట్టాలంటే మనకు ముందుగా వీసా కావాలి. మనవాళ్ళు ఇలా దేశం దాటి వచ్చి కొత్త వీసా తీసుకోవడానికి (వీసా రన్) కౌలాలంపూర్ పోతారు. మలేషియా ఈ ఏడాది డిసెంబరు ఆఖరు దాకా ఇండియన్స్‌కి వీసా లేకుండా రానిస్తోంది, డిజిటల్ అరైవల్ కార్డు ఒకటి నింపాలి అంతే.

అదైనా రాయుడికి పనికిరాదు. 15న కొత్తగా దిగితే ఆ రోజుతో కలిపి 30 అంటే ఏప్రిల్ 13కే అయిపోతుంది. ఏప్రిల్ మధ్యలో మళ్ళీ దీవుల నుంచి సోరోంగ్ రావాలి. పొడిగింపు ఫీజు 5 లక్షలైతే, కౌలాలంపూర్ టికెట్లు, కొత్త వీఓఏ కలిపి దానికి ఎన్నో రెట్లు. 16న బోటు ఎక్కాల్సినవాడు 15న దేశం దాటి రావడం కూడా సాహసమే. ఫ్లైటు ఆలస్యమైతే బోటు ఆగదు.

ఫిన్స్_హైదరాబాద్ · 8 మార్చి, ఉదయం 9:58

సరే అక్కా, మలేషియా లెక్క నోట్ చేసుకున్నా 🙏

సముద్రపుగుర్రం · 8 మార్చి, ఉదయం 10:40

ఏజెంటు విషయంలో నా మాట వినండి. పాస్‌పోర్టు చేతి నుంచి వదలొద్దు. సోరోంగ్ ఫ్లైటు దేశంలోపలిదే అయినా విదేశీయులకు పాస్‌పోర్టే గుర్తింపు. బోటు వాళ్ళూ ఎక్కే ముందు పాస్‌పోర్టు, వీసా కాపీలు అడుగుతారు, ప్రయాణికుల లిస్టు హార్బర్ ఆఫీసుకు ఇవ్వాలి కాబట్టి. పోయినసారి మా గ్రూపులో ఒకబ్బాయి పాస్‌పోర్టు ఏజెంటు దగ్గర ఇరుక్కుపోయింది. "రేపు సార్, రేపు సార్" అంటూనే ఉన్నాడు. ఆ పిల్లాడు కొమోడో బోటు వదులుకున్నాడు, డబ్బు వెనక్కి రాలేదు.

ఏజెంటు పెట్టుకున్నా ఫోటోకి, ఇంటర్వ్యూకి మీరే వెళ్ళాలి. 2025 మే ఆఖరు నుంచి ఆ రూల్ వచ్చింది. అంతకుముందు ఆన్‌లైన్‌లో వీఓఏ తీసుకున్నవాళ్ళకు పొడిగింపు కూడా మొత్తం ఆన్‌లైన్‌లోనే అయిపోయేది, ఇల్లు కదలక్కర్లేదు. పాత బ్లాగులు చూసి "పది నిమిషాల పని" అనుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఇప్పుడు అప్లికేషన్, ఫీజు మాత్రమే సైటులో. ఆ తర్వాత మీరు ఎంచుకున్న ఆఫీసుకు మనిషి వెళ్ళాల్సిందే.

బుడగలరాయుడు · 8 మార్చి, మధ్యాహ్నం 12:15

అక్కా, మామా, అందరికీ ధన్యవాదాలు. సెలవుల సంగతి తెలియగానే కాళ్ళు చల్లబడ్డాయి. ఏజెంటు వద్దని చెప్పేశాను. మరి ఆఫీసు ఏది ఎంచుకోవాలి? డెన్‌పసార్ ఇక్కడి నుంచి చాలా దూరం, ట్రాఫిక్‌లో ఒక రోజు డైవ్‌లు పోయినట్టే.

క్యాలెండర్‌మామ · 8 మార్చి, మధ్యాహ్నం 12:40

డెన్‌పసార్ వెళ్ళక్కర్లేదు. తులంబెన్, అమెద్ రెండూ కరంగాసెం జిల్లాలోవి. ఆ జిల్లాకి సింగరాజా ఆఫీసు. ఉత్తర తీరం వెంబడి రెండు గంటల లోపు దారి, రోడ్డు ఖాళీగా ఉంటుంది. అప్లికేషన్‌లో ఉంటున్న చోటు చిరునామా అడుగుతారు, తులంబెన్ హోమ్‌స్టే పేరు రాయండి. చిరునామా ఒక జిల్లాది, ఆఫీసు ఇంకో జిల్లాది పెడితే లేనిపోని ప్రశ్నలు.

మన డైవర్లు వెళ్ళే చోట్లకు ఇలాగే చూసుకోవాలి. గిలి దీవుల్లో ఉంటే లాంబాక్‌లో మతారం ఆఫీసు. కొమోడోకి లబువాన్ బాజోలోనే ఉంది. బునాకెన్‌కి మనాడో. రాజా అంపాట్‌కి సోరోంగ్. రాజా అంపాట్‌లోని వైసాయ్ ఊరి నుంచి సోరోంగ్ ఫెర్రీలో రెండు గంటలు, దీవి నుంచి వైసాయ్‌కి పడవ ఖర్చు అదనం. అంత దూరం పోయి, పొడిగింపు కోసం వెనక్కి రావడం కంటే దండగ పని లేదు. వీసా పని ఊరు ఉన్న చోట తేల్చుకుని, ఆ తర్వాతే దీవులకు పోవాలి. చాలామంది బోటు తేదీ చూసి వీసా సర్దుకుంటారు. తిరగేసి చేయాలి.

వేటపాలెం_డైవర్ · 8 మార్చి, మధ్యాహ్నం 1:05

పేమెంట్ గురించి ఒక మాట. ఇమిగ్రేషన్ అసలు సైటు చిరునామా గో డాట్ ఐడీతో ముగుస్తుంది. గూగుల్‌లో పైన కనిపించే డాట్ కామ్‌లు చాలావరకు దళారీలవి, రంగులు, గుర్తులు అన్నీ అచ్చు దించేస్తారు.

మన కార్డులతో గొడవ ఓటీపీ దగ్గర. బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేసి ఉంచండి. ఇండియా సిమ్ తీసి జేబులో పెట్టుకుంటే ఓటీపీ ఎక్కడికి వస్తుంది? రెండో స్లాటులో పెట్టి మెసేజ్‌లు వచ్చేలా రోమింగ్ చూసుకోండి. తులంబెన్‌లో సిగ్నల్ ఒక గోడకి ఉంటుంది, పక్క గోడకి ఉండదు. పేమెంట్ పేజీకి టైము పరిమితి ఉంది, ఓటీపీ వచ్చేలోపు అది మూసుకుపోతే మళ్ళీ మొదటి నుంచి.

బుడగలరాయుడు · 8 మార్చి, రాత్రి 9:20

అన్నా, గోడ సంగతి నిజం. మా హోమ్‌స్టేలో నీళ్ళ ట్యాంకు పక్కన నిలబడితేనే ఓటీపీ వచ్చింది. ఫీజు కట్టేశాను. సింగరాజా ఎంచుకున్నాను, బుధవారానికి పిలిచారు.

ఇంటర్న్_ఇందు · 8 మార్చి, రాత్రి 9:45

మధ్యలో అడ్డొస్తున్నా, ఏమనుకోకండి. నాదీ ఇలాంటి ప్రశ్నే. గిలి ట్రవాంగన్‌లో డైవ్‌మాస్టర్ (డైవర్లను వెంట తీసుకెళ్ళే గైడు) ఇంటర్న్‌షిప్ దొరికింది. మూడు నెలలు. ఫీజు లేదు, గది ఇస్తారు, బదులుగా గెస్టులకు సాయం చేయాలి. వీఓఏ పెట్టుకుని వచ్చి పొడిగించుకుంటే చాలు అంటున్నారు షాపు వాళ్ళు. నిజమేనా?

పగడపుదిబ్బ · 8 మార్చి, రాత్రి 10:10

ఇందూ, రెండు చోట్ల తేడా ఉంది. మొదటిది రోజుల లెక్క. వీఓఏ 30, ఒక్క పొడిగింపుతో 60. అంతకు మించి ఒక్క రోజు రాదు. మూడు నెలలకు అది చాలదు. సీ1 అనే టూరిస్ట్ వీసా ఉంది, బయల్దేరే ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. మొదటే 60 రోజులు ఇస్తారు, అక్కడే పొడిగించుకుంటూ 180 దాకా ఉండొచ్చు. బ్యాంకులో కనీసం 2,000 డాలర్లకు సమానమైన సొమ్ము చూపించాలి.

రెండోది అసలు చిక్కు. ఫీజు కట్టి కోర్సు నేర్చుకోవడం టూరిస్టు పనే. కానీ గెస్టులకు ట్యాంకులు సర్దడం, వాళ్ళని నీళ్ళలోకి తీసుకెళ్ళడం, బదులుగా గది తీసుకోవడం అంటే ఇమిగ్రేషన్ దృష్టిలో ఉద్యోగం. జీతం లేదన్నా వినరు. డైవ్ షాపుల మీద తనిఖీలు జరుగుతూనే ఉంటాయి. పట్టుబడితే షాపు ఓనరు ఫైన్ కట్టి బయటపడతాడు, విమానం ఎక్కించేది నిన్ను. సీ1 తీసుకున్నా అది టూరిస్టు వీసాయే, ఈ పనికి చెల్లదు.

ఫిన్స్_హైదరాబాద్ · 8 మార్చి, రాత్రి 10:22

అక్కా మరీ భయపెడుతున్నారు. గిలిలో సగం మంది ఇట్లనే ఉంటారు కదా.

పగడపుదిబ్బ · 8 మార్చి, రాత్రి 10:30

ఉంటారు. ఆ సగం మందిలో ఎవరి పేరు మీద ఎప్పుడు ఫిర్యాదు వెళ్తుందో ఎవరికీ తెలియదు. పక్క షాపు వాడితో పేచీ వస్తే మొదటి ఫోను ఇమిగ్రేషన్‌కే వెళ్తుంది. ఇరవై మూడేళ్ళ పిల్లకి పాస్‌పోర్టులో డిపోర్టేషన్ ఉంటే రేపు ఏ దేశం వీసా అడిగినా అది చెప్పుకోవాలి. నేను చేయమని చెప్పను.

సముద్రపుగుర్రం · 8 మార్చి, రాత్రి 10:41

ఇందు గారూ, ఫీజు కట్టి నేర్చుకునే మామూలు డైవ్‌మాస్టర్ కోర్సు చూడండి. నేను 2024 చివర్లో థాయ్‌లాండ్‌లో కో తావ్‌లో చేశాను. అప్పుడు ఇండియన్స్‌కి వీసా లేకుండా 60 రోజులు, దాని మీద 1,900 బాత్ కడితే ఇంకో 30. కో తావ్‌లో ఇమిగ్రేషన్ ఆఫీసు లేదు, ఫెర్రీలో పక్క దీవికి వెళ్ళి టీఎం7 అనే పొడిగింపు ఫారం ఇచ్చాను. సాయంత్రానికి స్టాంపుతో వెనక్కి. వెళ్ళే ముందు అప్పటి రూల్ ఏముందో చూసుకోండి, వాళ్ళు మారుస్తూ ఉంటారు.

ఇంటర్న్_ఇందు · 8 మార్చి, రాత్రి 11:02

థ్యాంక్యూ అండీ. అమ్మకి ఈ చర్చ చూపించను గానీ, షాపు వాళ్ళకి రేపు నో చెప్తాను.

వేటపాలెం_డైవర్ · 10 మార్చి, ఉదయం 6:30

రాయుడూ, రేపే కదా. బట్టలు గుర్తుంచుకో. నిక్కరు, బనీను, రబ్బరు చెప్పులతో వెళ్తే గేటు దగ్గరే ఆపుతారు. ప్యాంటు, కాలరున్న చొక్కా, బూట్లు. డైవర్ల సామానులో ఇవే ఉండవు.

బుడగలరాయుడు · 10 మార్చి, ఉదయం 6:52

ప్యాంటు ఉంది. బూట్లంటే డైవ్ బూటీలే 😅 హోమ్‌స్టే ఓనరు వాళ్ళబ్బాయి బూట్లు అడిగాను.

బుడగలరాయుడు · 13 మార్చి, సాయంత్రం 5:15

అప్‌డేట్. పని అయింది. వెతుక్కుంటూ వచ్చేవాళ్ళకు పనికొస్తుందని వివరంగా రాస్తున్నా.

బుధవారం తెల్లవారుజామునే కారు మాట్లాడుకుని బయల్దేరాను, తలుపులు తెరిచేసరికి అక్కడున్నాను. నా ముందు ఓ జర్మన్ జంట, ఓ రష్యన్ కుటుంబం. పాస్‌పోర్టు, వీఓఏ ప్రింటు, ఫీజు రసీదు, ఇంటి ఫ్లైటు టికెట్టు తీసుకెళ్ళాను. ఫోన్లో చూపిస్తాలే అనుకోకండి, ప్రింట్లే అడిగారు. పక్కనే జెరాక్స్ షాపు ఉంది, అక్కడ క్యూ ఆఫీసు క్యూ కంటే పొడుగ్గా ఉంది.

ఫోటో, వేలిముద్రలు. ఇక్కడ చిన్న తమాషా. వరసగా రోజూ డైవ్‌లు చేసి నా వేలికొసలు ముడతలు పడి, తోలు ఊడి ఉన్నాయి. మెషీను రెండు వేళ్ళు ఒప్పుకోలేదు. ఆవిడ తడి టిష్యూ ఇచ్చి తుడుచుకోమని, ఆరాక మళ్ళీ పెట్టించింది. "డైవింగా?" అని నవ్వింది. ఇంటర్వ్యూ అంటే ఏదో అనుకున్నా గానీ అడిగినవి మూడే: ఎందుకు ఇంకా ఉంటున్నావు, ఎక్కడెక్కడికి వెళ్తావు, ఇక్కడ పని ఏమైనా చేస్తున్నావా. బోటు బుకింగ్ కాగితం చూపించాను. పాస్‌పోర్టు చూసి అక్కడికక్కడే వెనక్కిచ్చేశారు.

ఇవాళ మధ్యాహ్నం ఈమెయిల్‌లో పీడీఎఫ్ వచ్చింది. గడువు ఏప్రిల్ 21 అని స్పష్టంగా ఉంది. నిన్నంతా ఏ డైవ్ మీదా మనసు నిలవలేదు, ఫోను చూడ్డమే సరిపోయింది. ఇప్పుడు పెట్టె సర్దుకుంటున్నా. రెండు ప్రింట్లు తీయించాను, ఒకటి బోటు వాళ్ళకి.

క్యాలెండర్‌మామ · 13 మార్చి, సాయంత్రం 5:40

శుభం. ఇక ఏప్రిల్ 20 ఫ్లైటు సంగతి కూడా ఇప్పుడే చూసుకోండి. ఆ రోజు సోరోంగ్ నుంచి బయల్దేరి జకార్తా మీదుగానా?

బుడగలరాయుడు · 13 మార్చి, సాయంత్రం 5:48

అవును మామా. సోరోంగ్‌లో 20 ఉదయం, జకార్తాలో అదే రాత్రి అంతర్జాతీయ ఫ్లైటు. 19 సాయంత్రం క్రి దగ్గర ఆఖరు డైవ్ అనుకుంటున్నా.

పగడపుదిబ్బ · 13 మార్చి, సాయంత్రం 6:05

కుదరదు. రోజుల తరబడి డైవ్‌లు చేసినవాళ్ళు ఆఖరు డైవ్ తర్వాత కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు, ఒంట్లో మిగిలిన నైట్రోజన్ పైకెళ్ళాక బుడగలు కట్టి జబ్బు చేస్తుంది. 19 సాయంత్రం నీళ్ళలోంచి వచ్చి 20 ఉదయం ఎక్కితే పన్నెండు పదమూడు గంటలే అవుతుంది. సోరోంగ్‌లో ఒళ్ళు నొప్పులతో ఆసుపత్రి పాలైతే ఫ్లైటు పోతుంది, 21తో వీసా కూడా పోతుంది. అప్పుడు డాక్టరు ఉత్తరం పట్టుకుని గడువు లోపలే ఇమిగ్రేషన్ ఆఫీసుకు పరిగెత్తాలి. నీకు మిగులు ఉన్నది ఒక్క రోజే, గుర్తుంచుకో.

పైగా క్రి నుంచి వైసాయ్ పడవ, అక్కడి నుంచి ఫెర్రీ. సముద్రం బాగోకపోతే ఫెర్రీ ఆపేస్తారు. 18తో డైవ్‌లు ఆపి, 19 ఉదయమే సోరోంగ్ చేరుకో.

బుడగలరాయుడు · 13 మార్చి, సాయంత్రం 6:20

సరే అక్కా, 18 మధ్యాహ్నమే ఆఖరు డైవ్. హోమ్‌స్టే వాళ్ళకి ఒక రాత్రి తగ్గించమని మెసేజ్ పెట్టేశా.

ఫిన్స్_హైదరాబాద్ · 13 మార్చి, సాయంత్రం 6:31

అన్నా, సోరోంగ్‌లో రూము ఎంత పడుతుందో దిగాక చెప్పు. నవంబరులో నేనూ పోతున్నా, ఈసారి సీ1 పెట్టుకునే.